ఇల్లంతా ఇరవై నాలుగు డిగ్రీలు

మే 9

కరెంటు పోయి ముప్పై గంటలు దాటింది. గాలివాన కొట్టింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలకే మా వీధి చివర మూడు స్తంభాలు నడుం విరిగి పడుకున్నాయి. కరెంటు ఆఫీసుకు నడిచి వెళ్ళాను. కౌంటర్లో మనిషి అరటిపండు తింటూ, "మూడు రోజులు పట్టొచ్చండీ, పదిరోజులు కూడా పట్టొచ్చు" అన్నాడు. మూడుకీ పదికీ తేడా లేదా నీకు అని అడిగాను. "నాకేం తెలుసండీ, నేను బిల్లుల సెక్షను" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి నోటుబుక్కు రోజూ రాసేవాణ్ణి. ఏ బిల్డింగు, ఎన్ని టన్నుల ఏసీ, బయట ఎంత వేడి, లోపల ఎంత. రిటైరయ్యాక మానేశాను. ఇవాళ మళ్ళీ తీశాను. ఎవరో ఒకరి మీద అరవాలనుంది, ఇంట్లో అరిస్తే మా ఆవిడకు పడదు. అందుకని ఇందులో అరుస్తాను.

ఇంట్లో 31. మా ఆవిడకు ఈ నరాల జబ్బు వచ్చి ఆరేళ్ళు. ఇరవై నాలుగు డిగ్రీల్లో ఉంటే మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా వాకర్ పట్టుకుని తనే నడుస్తుంది. చెయ్యి అందించబోతే కసురుతుంది. ఇల్లంతా నాదే అయినా ఆ నడక మాత్రం ఆవిడది. వేడెక్కిందంటే కాళ్ళు మాట వినవు, చూపు మసకబారుతుంది, గొంతు సన్నగిల్లుతుంది. చల్లబడితే అన్నీ తిరిగొస్తాయి. డాక్టరు రెండే చెప్పాడు. చల్లగా ఉంచండి, పడనివ్వకండి. పడి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీద ఉంటే ఆ నడక మళ్ళీ వస్తుందని చెప్పలేనన్నాడు.

మే 10

ఇంట్లో 33. ఆవిడ చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారింది. నేను తుడిచాను.

మే 11

నేను పనిచేసిన ఏసీ కంపెనీ పాత ఓనరు దగ్గర సైట్లకు వాడే జనరేటర్ ఉంటే లాక్కొచ్చాను. కింద చక్రాలున్నాయి, ఒక మనిషి లాగగలడు. పొగ ఇంట్లోకి రాకుండా పెరటి గోడ చివర పెట్టాను. మెయిన్ బోర్డు పక్కన వీధి కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ నేనే ఎప్పుడో పెట్టుకున్నాను కాబట్టి వీధి లైన్లోకి కరెంటు పోయే ప్రమాదం లేదు. ఇవన్నీ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళు సెంట్రల్ ఏసీ పని చేసినవాణ్ణి.

స్విచ్ వేశాను. మా ఇంటి సెంట్రల్ ఏసీ కంప్రెసర్ ఒకసారి మూలిగింది, జనరేటర్ దగ్గి ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. నడిచేటప్పుడు కంప్రెసర్ తినేది తక్కువే, కానీ లేచేటప్పుడు దానికి అయిదింతలు కావాలి. ఆ ఒక్క క్షణం దాటిస్తే చాలు. దాటలేదు. తన్నాను దాన్ని. కాలు నొప్పి పుట్టింది.

అప్పుడే ఎదురింటాయన గేటు తీసుకుని వచ్చాడు. ఆయనకు నేను పెట్టిన పేరు బ్రదర్, ఎందుకంటే ఈ లోకంలో అందరూ ఆయనకు బ్రదరే.

"బ్రదర్, మూడు టన్నుల సెంట్రల్‌ని దీని మీద నడపడమేంటి? మా స్టోర్ రూంలో కిటికీ ఏసీ ఒకటి ఊరికే పడుంది. చెల్లెమ్మ గదికి అది చాలు, ఈ జనరేటర్ మీద హాయిగా నడుస్తుంది. తెచ్చి పెట్టెయ్యనా?"

"అక్కర్లేదు."

"చల్లబడాల్సింది ఒక్క గదే కదా?"

"అక్కర్లేదన్నానా!"

పుండు మీద కారం చల్లడానికి ఈయనొకడు తయారు. సినిమా హాళ్ళకీ ఆస్పత్రులకీ చేసిన చెయ్యి నాది. ఈ ఇంట్లో చల్లగాలి పారే డక్టు రేకు ప్రతి ముక్కా నేనే కోశాను, నేనే వంచాను. కిటికీకి పెట్టె తగిలించుకునే గతి నాకింకా పట్టలేదు.

లోపల్నుంచి ఆవిడ ఏదో అంది. వేడికి గొంతు పెగలడం లేదు పాపం. "నువ్వు పడుకో, నేను చూస్తాగా" అన్నాను.

మే 12

సాధించాను!

సాఫ్ట్ స్టార్టర్ అని చిన్న డబ్బా ఉంటుంది. కంప్రెసర్‌ని ఒక్కసారిగా తట్టి లేపకుండా మెల్లగా లేపుతుంది. ఓనరు షెల్ఫులో దుమ్ము కొట్టుకుని పడుంటే తెచ్చి బిగించాను. మిగతా ఇంట్లో ఒక్క స్విచ్ కూడా పైకి ఉండకూడదు. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటారు, ఫ్రిజ్ లైను, అన్నీ బోర్డు దగ్గర కిందికి దించేశాను. ఏసీ రెండు స్విచ్‌లు మాత్రం పైకి. జనరేటర్ ఒక్కసారి గొంతు మార్చింది, తర్వాత నిలబడింది. పెరట్లో ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. ఎవరు చూస్తే నాకేం?

పదకొండుకి 29. ఒంటిగంటకు 26. మూడింటికి 24. ఆవిడ కాళ్ళు ముడిచింది, చాపింది, లేచింది, బాత్రూం దాకా తనే వెళ్ళింది. టార్చి నేను పట్టుకున్నాను. లోపల కిటికీ లేదు కదా. తలుపు దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి, రాసుకోవడానికి సిగ్గేమీ లేదు.

మంచం పక్కనున్న కాలింగ్ బెల్లు గురించి ఏదో అడిగింది. తర్వాత చూస్తానన్నాను. ఏదో ఒకదానికి కంగారు పడకపోతే ఈవిడకు తోచదు.

మే 13

24. 24. 24.5. 24.

పొద్దున తొమ్మిదికి వేసి చీకటి పడ్డాక ఆపుతున్నాను. పెరట్లో కుర్చీ వేసుకుని, గొడుగు కట్టుకుని దాని పక్కనే కూర్చుంటున్నాను. ఎప్పుడు ఏం చేస్తుందో తెలియదు, వదిలి కదలకూడదు. బ్రదర్ గేటు దగ్గర నిలబడి చెయ్యూపుతూ ఏదో అరిచాడు. వినపడనట్టు నటించే అవసరం కూడా రాలేదు. ఆ మోతలో పక్కన పిడుగు పడ్డా తెలియదు.

మే 14

అమ్మాయి వచ్చింది. ఫోను టవర్లు పనిచెయ్యడం లేదు కాబట్టి చెప్పాపెట్టకుండా వచ్చింది.

"మా వైపు రెండో రోజే కరెంటు వచ్చేసింది నాన్నా. అమ్మను తీసుకెళ్తాను" అంది. అరుచుకుంటూ మాట్లాడుకున్నాం, పెరట్లోనే.

"మీ బాత్రూంలో పట్టుకోడానికి గోడకు ఒక్క కడ్డీ లేదు. ఇక్కడ నేను నాలుగు బిగించాను."

"అక్కడికొచ్చి బిగించు. గంట పని."

"ఇల్లు ఇంత చల్లగా ఉంటే ఎక్కడికో ఎందుకు పోవాలి?"

"అమ్మను అడిగావా?"

"అడగక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను మీ అమ్మను."

లోపలికి వెళ్ళి అరగంట కూర్చుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మ నిన్ను వదిలి రానంటోంది" అంది.

"చూశావా మరి!"

"అది నీ గొప్ప కాదు నాన్నా."

తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిస్తే నేనే దోషిని. ఎండలో కూర్చుని చర్మం ఊడిపోతున్నది ఎవరికి? పెట్రోలు బంకు దగ్గర గంటసేపు లైన్లో నిలబడుతున్నది ఎవరు? ఒక్క మంచిమాట లేదు. నా బొంద, ఎవరి కోసం చేస్తున్నానో వాళ్ళకే పట్టనప్పుడు.

అయినా చేస్తాను. 24.

మే 15

పన్నెండున్నరకు జనరేటర్ గుడ్లు తేలేసింది. లోపలికి పరిగెత్తాను. బోర్డు మీద ఫ్రిజ్ లైను స్విచ్ పైకి ఉంది! ఏసీ కంప్రెసరూ ఫ్రిజ్ కంప్రెసరూ ఒకేసారి లాగితే ఆ చిన్న ప్రాణం ఏమైపోవాలి?

ఆవిడ వాకర్ మీద వాలి బోర్డు కిందే నిలబడి ఉంది. గదిలోంచి అక్కడిదాకా వచ్చింది. అంత దూరం నడిచి రెండేళ్ళయింది.

"ఎందుకు వేశావు?"

"బెల్లు..."

"బెల్లూ లేదు గిల్లూ లేదు! చల్లనీళ్ళు కావాలంటే నన్ను అడగలేవా? ఎవరి కోసం చస్తున్నాను నేనక్కడ?"

"కేకేశానండీ. రెండుసార్లు."

"వినపడలేదు."

నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. వచ్చి ఆ స్విచ్ కిందికి దించి, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా మూడు వరసలు టేపు చుట్టాను.

గట్టిగానే అరిచాను. అరవకూడదనే కదా ఈ పుస్తకం తీసింది. కానీ ఎవరికైనా ఓపికకు ఒక హద్దుంటుంది.

సాయంత్రానికి మళ్ళీ 24 తెచ్చాను. పళ్ళెం తీయబోతే ఆవిడ మంచం పక్కన స్టీలు గ్లాసు కనిపించింది, చెంచాతో కొట్టి కొట్టి అంచు సొట్టలు పడింది. మంచి గ్లాసు పాడు చేసింది. ఆ మాటే అని, తీసి అరలో పెట్టాను.

మే 16

పడింది.

మే 17

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను. ఎవరి మీద అరవాలో ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తాను.

నిన్న మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు పెట్రోలు పొయ్యడానికి జనరేటర్ ఆపాను. మోత ఆగింది. ఆగగానే ఇంట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. "ఏమండీ" అని. కాసేపాగి మళ్ళీ "ఏమండీ". పిలుస్తున్నట్టు లేదు, అలవాటుగా లెక్క పెట్టుకుంటున్నట్టు ఉంది. డబ్బా అక్కడే పడేసి పరిగెత్తాను.

బాత్రూం గడప దగ్గర పక్కకు పడి ఉంది. కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. వాకర్ తిరగబడి ఉంది. టార్చి వెలుగుతూనే మూలకు దొర్లిపోయింది.

గదిలోకి అడుగు పెట్టగానే నేను ముందు చూసింది గోడ మీద థర్మామీటర్. 23.5. అది చూసి, తర్వాత ఆవిడను చూశాను. ఈ వాక్యం రాయాలని లేదు. రాశాను.

"ఎప్పుడు పడ్డావు?"

"రెండుంపావుకి" అంది. గడియారం ఎదురు గోడకే ఉంది. "టార్చి పట్టుకుంటారని ముందు పిలిచాను. చాలాసేపు పిలిచాను. ఇక ఆగలేక నేనే లేచాను."

ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో వాకర్. కాళ్ళు బాగానే ఉన్నాయి. చల్లగానే ఉంది. బాత్రూం లైటు మాత్రం లేదు, ఎందుకంటే ఆ లైను దించింది నేను. యాభై అయిదు నిమిషాలు చల్లటి నేల మీద పడుకుని నన్ను పిలిచింది. నేను ముప్పై అడుగుల దూరంలో గొడుగు కింద కూర్చుని, 23.5 వచ్చి ఉంటుందని లోలోపల మురిసిపోతున్నాను.

బ్రదర్ కారు తీశాడు. దారిలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే కొట్టేవాణ్ణేమో. ఇవ్వనందుకు ఇంకా కొట్టాలనిపించింది.

మణికట్టు రెండు చోట్ల విరిగింది. ప్లేటు వెయ్యాలట. రెండు నెలలు వాకర్ పట్టుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత అని అడిగాను. "ఆ తర్వాత చూద్దాం" అన్నాడు ఎముకల డాక్టరు. "చల్లగానే ఉంచాను సార్, ఇరవై నాలుగు దాటనివ్వలేదు" అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఎందుకన్నాను ఆ మాట? ఎవరడిగారు నన్ను?

బ్రదర్ వెళ్ళి కబురు చెబితే రాత్రే ఆస్పత్రికి వచ్చిన అమ్మాయి, ఇవాళ పొద్దున వాళ్ళమ్మ బట్టల కోసం ఇంటికి వచ్చింది. బోర్డు మీద టేపు చూసింది.

"ఇదేంటి?"

"ఫ్రిజ్ లైను."

"అమ్మ బెల్లు కూడా దీని మీదే కదా?"

అవును. దీని మీదే. బెల్లు పెట్టినప్పుడు బోర్డు దాకా కొత్త వైరు లాగడానికి బద్ధకించి ఫ్రిజ్ లైన్లోంచే తీశాను. అది మామూలు బెల్లు కూడా కాదు, ఫ్యాక్టరీ సైరన్. నేను పెరట్లో గోడకు డ్రిల్లు వేస్తున్నా వినపడాలని వెతికి తెచ్చి బిగించాను. మొదటి రోజే అడిగింది ఆవిడ దాని గురించి. మొన్న అంత దూరం నడిచి వచ్చింది చల్లనీళ్ళ కోసం కాదు.

"జనరేటర్ వెయ్యి. ఏసీ వెయ్యి" అంది అమ్మాయి. వేశాను. కంప్రెసర్ లేచింది. అప్పుడు తను వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పెట్టి ప్లగ్గు పీకేసింది. వచ్చి టేపు ఒక్కో వరసా విప్పింది. స్విచ్ పైకి ఎత్తింది. గదిలోకి వెళ్ళి మంచం పక్కన బెల్లు నొక్కింది.

ఆ మోతనంతా చీల్చుకుని మోగింది. పెరట్లో ఉన్న నాకు చెవులు గింగురుమన్నాయి. ఏసీ నడుస్తూనే ఉంది. జనరేటర్ వణకనైనా లేదు.

"ప్లగ్గు పీకితే సరిపోయేది నాన్నా. ఇంతే" అంది.

అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అంది. ముప్పై నాలుగేళ్ళ పనివాణ్ణి నేను, ఈ లైన్లన్నీ లాగినవాణ్ణి నేను, ఒక్క ప్లగ్గు పీకాలని తట్టలేదు. తట్టకపోవడం కాదు. ఆవిడ చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను మాట పూర్తి కానివ్వలేదు.

"నేనూ వస్తాను మీ ఇంటికి" అన్నాను.

"ఇప్పుడు కాదు. అమ్మ వస్తుంది. నువ్వు జనరేటర్ చూసుకో."

మే 18

సిగ్గు చంపుకుని ఎదురింటికి వెళ్ళాను. ఆ కిటికీ ఏసీ ఇస్తారా అని అడిగాను.

"అయ్యో, దాన్ని వెనక వీధి టైలరుకి ఇచ్చేశాను బ్రదర్, వాళ్ళింట్లో పదిరోజుల పసిపిల్ల. మీరు వద్దన్నారుగా?"

అవును. వద్దన్నాను. ఈ మనిషిని తిట్టడానికి పొద్దుట్నుంచీ ఒక్క కారణం వెతుకుతున్నాను. దొరకడం లేదు. కాఫీ ఇచ్చాడు. తాగాను. చెల్లెమ్మకు ఎలా ఉందని అడిగాడు, నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది.

జనరేటర్ ఓనరుకు తిరిగి ఇచ్చేశాను.

మే 19

కరెంటు వచ్చింది. చెయ్యి పెట్టకుండానే ఏసీ లేచింది. గంటన్నరలో ఇల్లంతా 24. హాలు 24, వంటిల్లు 24, ఎవరూ పడుకోని రెండో బెడ్‌రూం కూడా 24.

ఆపేశాను. చెమట పట్టనీ నాకు.

ఫోను కూడా పనిచేసింది. అమ్మాయి ఎత్తింది. అమ్మకు ఇవ్వు అన్నాను. వెళ్ళి అడిగి వచ్చి, "ఫోన్లో వద్దంటోంది" అంది.

"అంటే?"

"అంటే రమ్మని. బుర్ర ఎప్పుడు పనిచేస్తుంది నాన్నా నీకు?"

మే 20

పనిముట్ల సంచీ, నాలుగు కడ్డీలు పట్టుకుని వెళ్ళాను. మూడో అంతస్తు. అమ్మాయి తలుపు తీసి, పక్కకు తప్పుకుని, లోపల ఉందన్నట్టు గడ్డం ఊపింది.

చిన్న గది. గోడకు చిన్న ఏసీ. ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది, కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. నేను వెళ్ళి ఏసీ కింద నిలబడి గాలికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇరవై ఆరుంటుంది ఇక్కడ. ఇంకో రెండు తగ్గించాలి" అన్నాను.

"చెయ్యి దించండి."

దించాను.

"ఆ సంచీ కింద పెట్టండి. కూర్చోండి."

కుర్చీ లేదు. మంచం చివర కూర్చున్నాను. సంచీలో కడ్డీలు చప్పుడు చేశాయి, వాటి వైపు చూసింది.

"అవి తర్వాత. ముందు నేను చెప్పేది వినాలి. మధ్యలో నోరు తెరిస్తే లేచి పోవడమే. లేవలేను కాబట్టి మిమ్మల్నే పొమ్మంటాను."

"సరే."

"సరే కూడా అనకండి."

అప్పుడు మొదలుపెట్టింది. వేడి వల్ల కాదు, ఆ రోజు అరిచి అరిచి ఆవిడ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఆ గొంతుతోనే అంది.

"పన్నెండో తారీఖున చెప్పాను, బెల్లు మోగడం లేదని. తర్వాత అన్నారు. పదిహేనున చెప్పబోయాను. గిల్లూ లేదన్నారు. గ్లాసు కొట్టాను. మంచి గ్లాసు అని అరలో సర్దుకున్నారు. ఎదురింటాయన ఏసీ ఇస్తానన్నప్పుడు, తెమ్మనండి, ఆ గది చాలు అన్నాను. నువ్వు పడుకో అన్నారు. అమ్మాయితో ఆ రోజే రావాల్సింది. పెరట్లో ఒక్కరే ఎండలో కూర్చుంటారు, ముఖం చిన్నబోతుందని మీ ముఖం చూసి ఆగాను. నా ముఖం ఎప్పుడు చూశారు మీరు? రోజుకు ఇరవైసార్లు వచ్చి గోడ మీద అంకె చూసి పోయారు. నేను దాని కిందే ఉన్నాను."

నేను తల దించుకున్నాను.

"తల ఎత్తండి. ఇటు చూడండి. బాత్రూంకి ఇప్పుడు అమ్మాయి ఎత్తుకుని తీసుకెళ్తోంది. చిన్నప్పుడు దాన్ని నేను ఎత్తుకున్నట్టు. మీకు తెలుసా అది ఎలా ఉంటుందో? నేను మళ్ళీ నడుస్తానో లేదో డాక్టరుకే తెలియదంట. నడవకపోతే అప్పుడు మీరేం చేస్తారు? ఇంకో డబ్బా తెచ్చి బిగిస్తారా?"

ఏడుపొచ్చింది నాకు. ఆవిడకు రాలేదు. చెయ్యి నొప్పి పుడితే ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకుంది. ఈ ఆరేళ్ళవీ చెప్పింది, అంతకు ముందువీ చెప్పింది. ఇంటికి వస్తే ఆ గదిలో చిన్న పెట్టె ఉండాలంది, బెల్లుకు విడిగా వైరు ఉండాలంది, నీ సెంట్రల్ నువ్వు హాల్లో వేసుకుని పడుకో అన్నట్టే అంది, అండీ అంటూనే. వస్తానని మాత్రం అనలేదు.

పదకొండున్నరకు మొదలుపెట్టి ఒంటిగంట దాటేదాకా తిట్టింది. గది చిన్నది, బయట ఏ చప్పుడూ లేదు. ఒక్క మాటైనా వినపడలేదని చెప్పుకునే వీల్లేదు.